చౌల్దారీ దారిలో కూచుండిపోయిన బ్యాటరీ

మా ముత్తాత కూర్మనాథరావు గారికి బారువ రేవులో సొంత తెరచాప ఓడలుండేవి. కొబ్బరికాయలు, పీచు, బియ్యం వేసుకుని అవి రంగూను దాకా వెళ్ళేవి. తాత జగన్నాథరావు గారు తాలూకా బోర్డు అధ్యక్షులు. దొరలు మకాం వస్తే బస మా మేడలోనే. నాన్నగారు వేంకటరావు గారు ఏ ఉద్యోగమూ చేయలేదు. చేయవలసిన అవసరం వచ్చాక కూడా చేయలేదు. నేను ఒక బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేశాను. గొప్పకోసం రాస్తున్న మాటలు కావివి. వెళ్ళినవాడెవడో చెప్పకుండా వెళ్ళిన చోటు గురించి చెప్పడం మా ఇంట్లో అలవాటు లేదు.

అండమాన్ వెళ్ళింది మా చెల్లెలు రాజ్యలక్ష్మి కోసం. ఇంట్లో రాజ్యం అంటాం. దానికి పసితనంలో పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. ఇనప పట్టీల బూటు లేకపోతే నిలబడలేదు. అయినా పడుచుతనంలోనే, ఇంటిల్లిపాదీ వద్దంటున్నా, పోర్ట్ బ్లెయిర్‌లో సర్కారు బడి ఉద్యోగం వచ్చిందని ఓడెక్కేసింది. అక్కడే ఉండిపోయింది. ఇన్నేళ్ళకి ఇప్పుడు చౌల్దారీ దగ్గర ఒక చిన్న బడికి దాన్ని పెద్ద టీచరుని చేశారు. మా వంశంలో ఒక మనిషి ఒక చోటికి పెద్ద కావడం తాతగారి తర్వాత ఇదే.

అయితే ఒక మెలిక ఉంది. ఆ కాలుతో అంత దూరం రోజూ ఎలా వస్తారని పై అధికారి ఫోనులో అడిగాడట. "నా బండి మీద నేనే వస్తాను సర్" అని ఇది చెప్పిందట. "సోమవారం పొద్దున్న నేను బడిలోనే ఉంటాను, చూద్దాం" అన్నాడట ఆయన. ఆ కుర్చీ కోసం మరో మాస్టారు కాచుకుని ఉన్నారు. సోమవారం తన బండి మీద తాను వెళ్ళి తీరాలి. ఆ ముచ్చట చూడడానికే నేను విశాఖలో ఓడెక్కాను.

ఓడ మీద

నాకు కేబిన్ దొరికింది. కింద బంకు పడకల్లో మన సముద్రపు ఒడ్డు జనం కిక్కిరిసి ఉన్నారు. పెళ్ళికో చావుకో ఊరొచ్చి, ద్వీపానికి తిరిగి వెళ్తున్నవాళ్ళు. గోనె సంచుల్లో ములక్కాడలు, జాడీల్లో ఆవకాయ, తడిగుడ్డల్లో కరివేపాకు. ద్వీపంలో ఇవి దొరకవా అంటే దొరుకుతాయట, ఆ రుచి ఉండదట.

కేబిన్‌లో నాకు ఊపిరాడలేదు. పడుకుంటే సోమవారం గుర్తొచ్చేది, లేస్తే పైకి వెళ్ళాలనిపించేది. డెక్కు మీద ఈ చివర నుంచి ఆ చివరికి, ఆ చివర నుంచి ఈ చివరికి. ఎటు చూసినా ఒకే నీలం. మా ముత్తాత ఓడలు ఈ నీళ్ళమీదే కదా వెళ్ళాయి అనుకుంటే కాసేపు ఛాతీ ఉప్పొంగేది, మళ్ళీ కాళ్ళు ఆగేవి కావు. కమ్మీని ఆనుకుని కూర్చున్న ఒక పెద్దావిడ నన్ను అలా చూసి చూసి అడిగింది.

"ఏటి బావూ, ఓడని నువ్వే తోల్తన్నావేటి? కూకో. నువ్వు నడిసినా నడవకపోనా అది ఎల్తాది."

నేను కూర్చోలేదు. ఆవిడ చద్దన్నంలో వేయించిన ఎండుచేప ముక్క పెట్టుకుని నాకూ చూపించింది. అక్కర్లేదన్నాను. మా ఇంట్లో ఎండుచేప వంటింటి గడప దాటలేదు, అది పనివాళ్ళ పొయ్యి మీద ఉండేది. మర్నాడు క్యాంటీన్ సాంబారు నోట పెట్టలేక ఆవిడ ఉన్న చోటు వెతుక్కుంటూ నేనే వెళ్ళాను. "రా బావూ" అని మాత్రం అంది. నిన్నటి సంగతి ఎత్తలేదు.

హాడో

శుక్రవారం పొద్దున్న పోర్ట్ బ్లెయిర్‌లోని హాడో రేవులో దిగాం. గేటు బయట పసుపుపచ్చ హెల్మెట్ పెట్టుకుని ఒక ఆడమనిషి స్కూటర్ మీద కూర్చుని హారన్ కొడుతోంది. అది కప్ప కూతలా ఉంది. దగ్గరికి వెళ్ళాక గానీ మా చెల్లెలని పోల్చుకోలేదు.

"అన్నయ్యా, సామాను ముందు పెట్టు, నువ్వు వెనక కూర్చో. జల్దీ, పోలీసు అరుస్తాడు."

అన్నగారు ఇన్నేళ్ళకి వస్తే బండి దిగి దండం పెట్టాలని దానికి తోచలేదు. దిగడం దానికి కష్టమన్న సంగతి నాకు తర్వాత తోచింది.

ఆ బండి గురించి చెప్పాలి. గేర్లు లేని స్కూటర్. వెనక చక్రానికి రెండు పక్కలా ఇంకో రెండు చిన్న చక్రాలు బిగించారు, ఒరగకుండా. ఆ పక్క చక్రాల కడ్డీకి అడ్డొస్తుందని కిక్కు రాడ్డు తీసేశారు. మామూలు మోటారు సైకిలైతే బ్యాటరీ పోయినా కిక్కు కొట్టవచ్చు, గేరులో వేసి తోసుకుంటూ పోయి స్టార్టు చేయవచ్చు. దీనికి ఆ రెండు దారులూ లేవు. మీట నొక్కితే లేవాలి, లేకపోతే లేదు. అంటే మా రాజ్యానికి రెండో కాలు ఆ బ్యాటరీయే.

ఆ రోజు హాడోలో మీట రెండుసార్లు నొక్కాక లేచింది.

షాదీపూర్

చెల్లెలి ఇల్లు షాదీపూర్‌లో ఎత్తు మీద ఉంది. ఊరంతా ఎక్కుడు, దిగుడే. మా వైపు సాయంత్రం కాఫీ తాగే వేళకి ఇక్కడ దీపాలు పెట్టేస్తారు. తెల్లవారడమూ అంత తొందరే. టమాటాలు కొనబోతే దుకాణం వాడు మా ఊరి ధరకి రెండింతలు చెప్పి, "షిప్ మాల్ హై సాబ్" అన్నాడు. ఓడలో వచ్చిన సరుకన్నమాట. ఇక్కడ ఏ వస్తువు ధరకైనా ఆ ఒక్క మాటే జవాబు.

భోజనాలయ్యాక నా పెట్టె తెరిచి, పంచెల మధ్య చుట్టి తెచ్చిన కానుక బయటికి తీశాను. నాన్నగారి నల్ల కారు హారన్. జంట బాకాలు, ఇత్తడి మూతులు. నా చిన్నప్పుడు ఆ కారు వీధి మలుపు తిరక్కుండానే దాని గొంతు విని అరుగుల మీద జనం లేచి నిలబడేవారు. కారు మాకు లేకుండా పోయినా దీన్ని నేను చింతపండుతో తోమి అద్దాల బీరువాలో దాచాను. పెద్ద పదవిలోకి వెళ్ళే మనిషి కప్పకూతతో వెళ్ళకూడదు కదా.

రాజ్యం దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు నిమిరింది. తర్వాత, "ఇంత పెద్దది లాగగలదా అన్నయ్యా? బ్యాటరీ కమ్‌జోర్‌గా ఉంది. పొద్దున్నపూట రెండు మూడుసార్లు నొక్కాలి" అంది.

"కమ్‌జోర్ ఏమిటే, నీరసంగా ఉంది అనలేవా?"

"నీరసం మనుషులకి. బండికి కమ్‌జోరే."

నేనే బిగించాను. ఆ కారు కింద వెల్లకిలా పడుకుని నేర్చుకున్న పని అది, ఇంకొకరి సాయం అక్కర్లేదు. పాత కప్పహారన్ ఊడదీసి డబ్బాలో పడేశాను. హారన్ మీట నొక్కితే షాదీపూర్ కొండ మారుమోగింది. పక్కింటి బెంగాలీ ఆవిడ కొంగు సర్దుకుంటూ బయటికి వచ్చి, "క్యా దీదీ, షిప్ ఆ గయా క్యా?" అని అడిగింది, ఓడ వచ్చిందనుకుని. చెల్లెలు నవ్వు ఆపుకోలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను మాత్రం మరో రెండుసార్లు మోగించాను.

జంగ్లీఘాట్

శనివారం చేపల కోసం జంగ్లీఘాట్ వెళ్ళాం. ఇక్కడ దాదాపు అంతా మన జనమే. శ్రీకాకుళం, విశాఖ ఒడ్డుల నుంచి వచ్చి స్థిరపడ్డ వాడబలిజలు, జాలరులు. అమ్మవారి గుడి ఉంది, గుడిముందు తెలుగు మాట ఉంది. ఆ మాటలో సగం హిందీ ఉంది. వంజరాన్ని 'సురుమై' అంటారు. "వంజరం ఇవ్వమ్మా" అంటే ఆ పడుచు నా మొహం చూసి, "ఏటి భయ్యా అది?" అంది. నా మనవడి వయసున్న వాళ్ళు కూడా నన్ను భయ్యా అనే పిలిచారు. మా ఊళ్ళో ఈ జనం మా గేటు దగ్గర చెప్పులు చేతబట్టుకునేవారు. ఇక్కడ ప్లాస్టిక్ కుర్చీలో కాలుమీద కాలేసుకుని, "బైఠో" అంటూ ఇంకో కుర్చీ జరుపుతారు. మా ఊరి పద్ధతి మేలని నేను అనను. కానీ నాకు ఆ కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

రాజ్యం చేపలు కోయిస్తోంది. నేను బండి నీడలో పెడదామని మీట నొక్కాను. లేవలేదు. 'టక్' అంది, ఊరుకుంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ 'టక్'. స్కూటర్‌కి బ్రేకు పట్టుకుని నొక్కాలన్నది నాకు తెలుసు, పట్టుకునే నొక్కాను. పెట్రోలు ఉంది. ఫ్యూజు బాగానే ఉంది. హారన్ మోగించి చూశాను. నిన్న కొండ కదిలించిన గొంతు జలుబు చేసిన దున్నపోతులా బొంగురుపోయింది.

"ముందు దీపం ఎయ్యి భయ్యా. మసగ్గా ఉన్నాదా?"

అడిగింది నూకరాజు అనే ఆయన. సొంత పడవ ఉంది. ఇంజిను బిగించిన చిన్న పడవల్ని ఇక్కడ డింగీలంటారు. ఆయన కూతురు రాజ్యం దగ్గర చదువుకుందట. నడివయసు మనిషి, మెడలో గొలుసు, చేతిలో పెద్ద ఫోను. ముందు దీపం వేశాను. ఉందా లేదా అన్నట్టుంది.

నూకరాజు కాళ్ళ దగ్గర పలక ఊడదీశాడు. బ్యాటరీ కొసల మీద తెల్లగా, పచ్చగా బూజులాంటిది పేరుకుని ఉంది. సముద్రపు గాలి ఇక్కడ ఏ ఇనుమునీ బతకనివ్వదు. చాకుతో గీకాడు, వేడి టీ పోసి కడిగాడు, తుడిచాడు, వైర్లు బిగించాడు.

"మీదే ఊరు భయ్యా?"

"బారువ. కూర్మనాథరావు గారి మునిమనవణ్ణి."

"ఎవులు బావూ ఆలు?"

 అతని తాత ఆ రేవులోనే ఓడెక్కాడేమో. అయినా అడిగిన తీరులో ఎగతాళి లేదు. నిజంగానే తెలియదు, అంతే.

మీట నొక్కాడు. మూలిగి మూలిగి ఇంజిను లేచింది. నూకరాజు చేతులు దులుపుకున్నాడు.

"బాటరీ కూచుండిపోనాది భయ్యా. ఇప్పుడు ఎల్తాది గానీ... ఈ భోంపూ తీసెయ్. ఉన్న కాస్తా ఇదే తాగేస్తన్నాది."

నాన్నగారి హారన్‌ని భోంపూ అన్నాడు. నా చెవులు అక్కడే ఆగిపోయాయి. మిగతా మాట నాకు అర్థమైనంతలో బాగానే ఉంది. అంతసేపు గీకి, తుడిచి, బిగించాక బ్యాటరీ తన చోట కూర్చుంది. వదులుగా ఉన్నది కుదురుకుంది. తలుపు చట్రంలో కూర్చుంది, రాయి గోడలో కూర్చుంది అంటాం. ఇదీ అంతే కదా.

రాజ్యం చేపల సంచీతో వచ్చి ఏమైందని అడిగింది.

"ఏం లేదు. బ్యాటరీ సరిగ్గా కూర్చుందట. ఇక బెంగ లేదన్నాడు."

"అచ్ఛా. బతికించాడు" అంది అది.

చౌల్దారీ

ఆదివారం పొద్దున్న బండి ఒకే నొక్కుకి లేచింది. సోమవారం వెళ్ళాల్సిన దారి ఒకసారి చూసొద్దామని ఇద్దరం బయల్దేరాం. నాకూ ఇంట్లో కాలు నిలవడం లేదు. గరాచర్మ దాటాక ఊరి రొద తగ్గింది. సిప్పీఘాట్ దగ్గర రోడ్డు పక్కన ఉప్పునీళ్ళలో మొండిచెట్లు నిలబడి ఉన్నాయి. అవి ఒకప్పుడు పొలాలట. సునామీకి నేల కుంగి సముద్రం లోపలికి వచ్చి, మళ్ళీ పోలేదు. "గట్లు ఇక్కడ ఉండేవి, ఇక్కడ వరి ఉండేది" అని చెల్లెలు బండి నడుపుతూనే చేయి చూపించింది. ఆ నీళ్ళకేసి చూస్తూ ఆ పొలాలవాళ్ళు ఇప్పుడు ఏమని చెప్పుకుంటారో అనుకున్నాను. 'మాకు అక్కడ భూములుండేవి' అని వేలు చూపిస్తే కొంగ నిలబడి ఉంటుంది.

చౌల్దారీలో పోకచెట్లు, కూరపాదులు, పశువులు. పోర్ట్ బ్లెయిర్ గాలిలోని ఉప్పు ఇక్కడ లేదు, పేడ వాసన వేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. బడి చిన్న దిబ్బ మీద, రేకుల కప్పు, చుట్టూ మందారాలు. గేటుకి తాళం ఉంది. రాజ్యం బండి ఆపి, ఇంజిను కట్టేసి, కమ్మీల్లోంచి లోపలికి చూసింది. వరండా చివర ఒక గది, దాని తలుపు మీద ఆకుపచ్చ రంగు.

"అదే ఆఫీసు గది అన్నయ్యా" అంది. గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

ఆ సంతోషంలో నేను హారన్ ఒకసారి గట్టిగా మోగించాను, ఊరు వినాలని. దిబ్బ దిగువన మేకలు చెదిరిపోయాయి. తర్వాత రాజ్యం మీట నొక్కింది. టక్. మళ్ళీ టక్. ఆ తర్వాత టక్ కూడా లేదు.

నేను పలక ఊడదీశాను. కొసలు శుభ్రంగానే ఉన్నాయి. వైర్లు బిగుతుగానే ఉన్నాయి. బ్యాటరీని పట్టుకుని కదిపాను. రాయిలా కూర్చుని ఉంది. అన్నీ సరిగ్గా ఉండగా లేవకపోవడం ఏమిటి? గేటు ముందు అటూ ఇటూ తిరిగాను. చెల్లెలు మాత్రం బండి మీదే ఉంది, ఎక్కడికి దిగుతుంది?

ఎదురింటి ఆయన పాలక్యాను పక్కన పెట్టి వచ్చాడు. ఆయనకి తెలుగు రాదు. తన మోటారు సైకిల్ తెచ్చి పక్కన నిలబెట్టి, రెండు వైర్ల ముక్కలతో దాని బ్యాటరీని దీనికి కలిపాడు. ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు. మీట నొక్కగానే బండి లేచింది. వైర్లు తీసేసి ఆయన తల అడ్డంగా ఊపాడు.

"బ్యాటరీ బైఠ్ గయా, దీదీ. ఘర్ తక్ బంద్ మత్ కరనా."

ఇల్లు చేరేదాకా ఇంజిను ఆపొద్దన్నాడని నాకూ తెలిసింది. మొదటి ముక్క దగ్గరే చిక్కు వచ్చింది.

"బైఠ్ గయా అంటే కూర్చుంది కదా" అన్నాను. "నూకరాజూ నిన్న అదే అన్నాడు. కూచుండిపోనాది అని. కూర్చుంటే మంచిదే కదా?"

రాజ్యం వెనక్కి తిరిగి నన్ను చూసింది. 

"నూకరాజు కూచుండిపోయిందన్నాడా? నువ్వు నాకు సరిగ్గా కూర్చుందని చెప్పావు."

"రెండూ ఒకటే."

"ఒకటి కాదు అన్నయ్యా. ఇక్కడ బ్యాటరీ కూచుండిపోయిందంటే అయిపోయిందని. చచ్చిందని. దుకాణం కూచుండిపోయింది, గొంతు కూచుండిపోయింది, బ్యాటరీ కూచుండిపోయింది. హిందీలో అనేదాన్నే తెలుగులో అంటారు. నిన్న శనివారం. నిన్న తెలిస్తే బజారంతా తిరిగేదాన్ని."

"ఇది తెలుగు కాదు" అన్నాను.

"వాళ్ళది తెలుగే" అంది. "ఎక్కు."

 సిప్పీఘాట్ ఎక్కుడులో దాని భుజాలు ముందుకు వంగి ఉన్నాయి, బండిని తానే మోస్తున్నట్టు. నేను నిటారుగా కూర్చున్నాను. ఇంకెలా కూర్చోవాలో తెలియలేదు.

ఆదివారం తెరిచి ఉన్న బ్యాటరీ దుకాణం ఒక్కటే దొరికింది. ఇంజిను ఆపకుండానే వెళ్ళాం. దుకాణదారు మీటరు పెట్టి చూశాడు. ఇంజిను తిరుగుతుంటే ముల్లు బాగానే లేస్తోంది, అంటే బండి చార్జింగు చేస్తోంది. ఒక్క నిమిషం ఆపించి చూస్తే పడిపోయింది, అంటే ఇది పట్టి ఉంచుకోవడం లేదు. రాత్రంతా చార్జింగు పెడితే అని నేను అడిగితే, "చిల్లి కుండ భర్తీ చేసినట్టు సాబ్" అన్నాడు. కొత్తది కావాలి. ఆ సైజు లేదు. సరుకు వచ్చిన ఓడ రేవు బయట లంగరు వేసి ఉంది, బుధవారానికి గానీ దించరు. తన దగ్గరి బ్యాటరీతో అంటించి బండి లేపి పంపాడు.

ఇంటికి వచ్చాక నేను చెప్పాను. "రేపు కారు కట్టిద్దాం. దర్జాగా వెళ్దువు గాని."

"కారులో వెళ్తే, ఎల్లుండి ఎలా వస్తారని అడుగుతాడు. అది అడగడానికే వస్తున్నాడు."

"బ్యాటరీ పోయిందని చెప్పు."

"కాలు పోయిన మనిషి బ్యాటరీ పోయిందని చెప్తే ఏం వింటాడో నీకు తెలీదు. నాకు తెలుసు." బూటు పట్టీలు విప్పడం మొదలుపెట్టింది. "బస్, ఇక చాలు. ఆ కుర్చీ ఇంకోసారి వస్తుందిలే."

ఇంకోసారి రాదని ఇద్దరికీ తెలుసు. నేను చెప్పులు వేసుకున్నాను.

మళ్ళీ జంగ్లీఘాట్

ఆటోలో వెళ్ళాను. ఇంకా సాయంత్రమే, అప్పుడే చీకటి పడుతోంది. నూకరాజు ఇంటి ముందు వల కుడుతున్నాడు. పడవ దీపానికి చాలామంది ఇక్కడ మోటారు సైకిల్ బ్యాటరీలే వాడతారని ఆటో డ్రైవర్ దారిలో చెప్పాడు. నేను అడిగితే నూకరాజు లోపల్నుంచి ఒకటి తెచ్చి చూపించాడు. అట్టపెట్టె కూడా చింపలేదు. పన్నెండు వోల్టులు, సైజు కొంచెం పొడుగు.

"కూచుండిపోనాదని నిన్ననే సెప్పినాను గదా భయ్యా."

"చెప్పావు. నేను వేరేలా విన్నాను."

"ఏరేలా అంటే?"

చెప్పాను. అతను వల ఒళ్ళోంచి జారేదాకా నవ్వాడు. లోపల భార్యని పిలిచి ఆమెకీ చెప్పాడు. ఆమె గడపలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నిలబడే ఉన్నాను.

"ఎంతైనా ఇస్తాను, ఇది కావాలి" అన్నాను. "రేపు పొద్దున్న రాజ్యలక్ష్మి చౌల్దారీ వెళ్ళాలి."

నవ్వు ఆగింది. "టీచర్ దీదీకా? ఆ పెద్ద కుర్సీ రేపేనా?" వల పక్కన పెట్టాడు. "పైసలేటి సేసుకుంతాను భయ్యా. కొట్లో నేదని నువ్వే అంతన్నావు. పాత బాటరీతో నాలుగు రోజులు నెట్టుకొత్తాను. అయితే నాకూ ఓటి ఇయ్యి."

"ఏమిటి?"

"ఆ భోంపూ."

"అది అమ్మకానికి లేదు."

"వానలొస్తే రేవు మూతిలో పెద్ద షిప్పులకి మా డింగీ అగపడదు. అరిసినా ఇనపడదు. ఇంజినుకి లావుపాటి బాటరీ ఉన్నాది, దానికి తగిలించీసుకుంతాను. నీ బండికి అది ఎక్కువ, నా పడవకి సరిపోద్ది." కాస్త ఆగి అన్నాడు. "ఇవ్వకపోనా బాటరీ అట్టుకెల్లు. దీదీ కోసం. గానీ ఆ భోంపూ ఉంతే ఇదీ కూకుంతాది, సెప్తన్నాను."

ఊరికే తీసుకోమంటున్నాడు. నూకరాజు దగ్గర కూర్మనాథరావు గారి మునిమనవడు ఊరికే తీసుకోవడం. ప్లాస్టిక్ కుర్చీ నా పక్కనే ఉంది. కూర్చున్నాను. కాసేపటికి లేచి, "నాతో రా, ఊడదీసి ఇస్తాను" అన్నాను.

షాదీపూర్‌లో నూకరాజు బ్యాటరీ బిగిస్తుంటే నేను హారన్ మరలు తిప్పాను. ఉప్పుగాలికి రెండు రోజుల్లోనే మరలు తుప్పు పట్టడం మొదలయ్యాయి. రాజ్యం వరండా గోడ పట్టుకుని వచ్చింది.

"అన్నయ్యా, అది నాన్నగారిది."

"చిన్న స్క్రూడ్రైవర్ ఎక్కడుందో చూడు" అన్నాను.

కొత్త బ్యాటరీ పొడుగెక్కువై పలక మూతపడలేదు. నూకరాజు దాన్ని రబ్బరు ట్యూబు ముక్కతో కట్టేశాడు. డబ్బాలో పడేసిన కప్పహారన్ వెతికి నేనే మళ్ళీ బిగించాను.

సోమవారం

నన్ను వెంట రావద్దంది. తోడు తెచ్చుకుందంటారట. అది వెళ్ళాక ఇంట్లో ఉండలేక నేను బస్సెక్కాను. గరాచర్మ దాటాక బస్సు దాన్ని దాటేసింది. పసుపు హెల్మెట్, నిటారు వీపు. నన్ను చూడలేదు. బడికి ఎదురుగా ఒక టీ బడ్డీ ఉంది. అక్కడ పాలు లేని ఎర్ర టీ తీసుకుని, తాగకుండా పట్టుకుని నిలబడ్డాను.

గేటులో అప్పటికే జీపు ఉంది. వరండాలో పొట్టిచేతుల చొక్కా అధికారి, నలుగురు టీచర్లు. ఆ పక్కనే చేతులు కట్టుకుని ఒకాయన, కాచుకుని ఉన్న మాస్టారు ఆయనే అయి ఉండాలి. బండి దిబ్బ ఎక్కి వచ్చి గేటులో జీపు వెనకే ఆగింది. ఇంజిను ఆపి, కర్ర తీసుకుని రాజ్యం దిగింది. ఆకుపచ్చ తలుపు గదిలోకి వెళ్ళింది. వాన చినుకులు పడ్డాయి, ఆగాయి. టీ చల్లారింది. నేను బడ్డీ ముందు ఈ బల్ల నుంచి ఆ బల్లకి తిరుగుతుంటే టీ ఆయన, "కిస్‌కా ఇంతిజార్ హై సాబ్?" అని అడిగాడు. ఎవరి కోసం చూస్తున్నానని. "బెహన్" అన్నాను.

అధికారి బయటికి వచ్చాడు. జీపు ఎక్కబోయి ఆగాడు. వెనక రాజ్యం బండి అడ్డంగా ఉంది. డ్రైవర్ దిగి దాన్ని తోయబోతే ఆయన చెయ్యెత్తి ఆపాడు. "మేడమ్, జరా హటాయింగే?" అన్నాడు, వరండాలో నిలబడ్డ రాజ్యాన్ని చూస్తూ. కాస్త జరుపుతారా అని.

మెట్లు దిగడానికి దానికి సమయం పట్టింది.  సీటు మీద కూర్చుంది, కర్ర పక్కన తగిలించింది, తాళం తిప్పింది. ఆ టక్ వినపడుతుందేమోనని నేను టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

ఒకే నొక్కు. బండి లేచింది. గేటు బయటికి వచ్చి గుండ్రంగా తిరిగి, జీపుకి దారి ఇచ్చి, కప్పహారన్ ఒకసారి కొట్టింది. అధికారి అద్దంలోంచి చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. చేతులు కట్టుకున్న మాస్టారు గొడుగు తీసుకుని బస్సు స్టాపు వైపు నడిచారు. రాజ్యం తిరిగి లోపలికి వెళ్ళింది. సాయంత్రం దాకా బయటికి రాలేదు. పని ఉంటుంది కదా, పెద్ద టీచరు.

తిరుగు ఓడకి అప్పటికింకా రోజులున్నాయి. వాటి గురించి రాయడానికి పెద్దగా లేదు. తిన్నాను, తిరిగాను, ఓడ టికెట్టు కోసం వరుసలో నిలబడ్డాను. ఊరికి తిరిగి వచ్చాక, మా ఇంటికి వచ్చేవాళ్ళలో ఒకరిద్దరు అద్దాల బీరువా ఖాళీగా ఉందేమని అడిగారు. నాన్నగారి కారు హారన్‌ని జంగ్లీఘాట్‌లో ఒక చేపల పడవకి అమ్మేశాను. దానికి బదులు ఒక బ్యాటరీ వచ్చింది.